యోనాతాను విల్లు

పఠన భాగములు: 1 సమూయేలు 18:1–25, 20:12–42, 30:21–25, 2 సమూయేలు 9వ అధ్యాయము, 19:24–30



వేటగాండ్ర సంగతి దేవాలయములో పాఠముగా చెప్పుట ఏమి శోభ అని మీలో కొందరు అనుకొనవచ్చును. జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములవారు మాత్రము అట్లు అనుకొనరని నా నమ్మకము. పాకాల అడవి, ఏటూరునాగారము అడవి, గోదావరి యొడ్డున మహదేవపురము అడవి మన పల్లెలకు పొరుగువారివంటివి. మన తాతలకు ఉరి తెలియును, వల తెలియును, విల్లు తెలియును. అడవిపంది చేను త్రొక్కిన ఉదయమున ఊరిలో ఏమి మాటలు పుట్టునో మీకు నేను చెప్పనక్కరలేదు. పరిశుద్ధ గ్రంథములో సహా వేటమాట ఆదికాండమునుండియే వినబడుచున్నది. నిమ్రోదు వేటగాడు, ఇష్మాయేలు విలుకాడు, ఏశావు అరణ్యమున తిరుగువాడు. ఉరి తెగి పిట్ట తప్పించుకొనినట్లు మన ప్రాణము తప్పించుకొనెనని కీర్తనకారుడు దేవుని స్తుతించెను (కీర్త. 124:7).

ముందుగా ఒక మాట. వేట ఇప్పుడు మనకు తగిన పని కాదు. పాకాల అడవి 1952లోనే అభయారణ్యమాయెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట అడవిమృగమును చంపుట నేరము. ఈ పాఠము విని ఎవరును అటకమీది బరిసెను దింపవద్దు.

మన పాఠము వేటనుగూర్చినది కాదు. మృగమును, ఆయుధమును ఎరిగిన ఇద్దరు మనుష్యుల నడుమ జరిగిన ఒక ఈవినిగూర్చినది. ఇచ్చినవాడు రాజకుమారుడు, విలుకాడు. పుచ్చుకొనినవాడు గొఱ్ఱెలకాపరి; తన తండ్రి మందను కాయుచు సింహమును, ఎలుగుబంటిని చంపినవాడు.

ఏమి ఇచ్చెను?

దావీదు ఏలా లోయనుండి వచ్చి సౌలు ఎదుట నిలిచినప్పుడు గొల్యాతు తల ఇంకను అతని చేతిలోనే యుండెను. నీవు ఎవని కుమారుడవని సౌలు అడిగెను. బేత్లెహేమీయుడైన యెష్షయి కుమారుడనని అతడు చెప్పెను. ఆ మాటలు ముగియగానే యోనాతాను మనస్సు అతని మనస్సుతో కలిసిపోయెను. అప్పుడు యోనాతాను తన ఒంటిమీదివే తీసి యిచ్చెను: పై దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు.

మన తెలుగు గ్రంథములో దుప్పటి అని యున్నందున రాత్రి కప్పుకొను దుప్పటి యని పిల్లలు తలంచుదురు. ఉపదేశకులు దీనిని సరిచేయవలెను. అది రాకుమారుడు పైని ధరించు నిలువు వస్త్రము. గొఱ్ఱెలకాపరికి గొంగడి ఎట్లో రాకుమారునికి అది అట్లు. చూచినంతనే మనిషి ఎవరైనదియు తెలియును. గొఱ్ఱెల దొడ్డినుండి వచ్చిన చిన్నవాని భుజముమీద ఆ సాయంకాలము రాజుగారి యింటి వస్త్రము పడెను.

ఇక కత్తి. దీని వెల తెలియవలెనన్న అయిదు అధ్యాయములు వెనుకకు త్రిప్పి 13వ అధ్యాయము చివర చదువుడి. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేయించుకొందురేమో అని ఫిలిష్తీయులు దేశములో ఒక్క కమ్మరివాడైనను లేకుండ చేసిరి. నాగలి కఱ్ఱు, గొడ్డలి, పార పదును పెట్టించుకొనవలెనన్నను శత్రువు కొలిమికే పోవలెను. తొలకరి పడువేళ మన ఊరి కొలిమి ఆరిపోయి పగవాని ఊరికి కఱ్ఱు మోసికొని పోవలసివచ్చినయెడల మన గతి ఏమగునో ఆలోచించుడి. అందుచేత యుద్ధదినమున జనులలో ఎవనిచేతను కత్తి గాని ఈటె గాని లేదు. సౌలునొద్దను యోనాతానునొద్దను మాత్రమే యుండెను. సైన్యమంతటికి రెండు! ఏలా లోయనాటికి మరికొన్ని సంపాదించుకొనియుందురేమో. అయినను అంతటి లేమి చూచినవాడు ఈ కత్తిని తన నడుమునుండి విప్పి యిచ్చెను.

విల్లు సంగతి విలుకానికే బాగుగ తెలియును. ఎవని విల్లు వాని చేతికే లొంగును. దాని నిడివి, దాని బిగువు, నారి లాగినప్పుడు అది చేయు చప్పుడు, ఇవన్నియు ఏండ్ల తరబడి భుజమునకు అలవాటైనవి. డబ్బు బదులిచ్చువారు దొరుకుదురు, ఎడ్లను అరువిచ్చువారు దొరుకుదురు, తన విల్లు తీసి యిచ్చువాడు అరుదు. యోనాతాను వేటకు పోయెనని గ్రంథము ఎక్కడను చెప్పలేదు, నేనును కల్పింపను. కాని విల్లు అతని పేరును విడిచి యుండదు. పొలములో దావీదుకు ఆనవాలు పంపినది విల్లుతోనే. గిల్బోవ పర్వతముమీద అతడు చచ్చినప్పుడు దావీదు తలంచుకొని ఏడ్చినది ఆ విల్లునే; ఆ విలాపమునకు ధనుర్గీతమనియే పేరు (2 సమూ. 1:18, 22).

ఒకే పని తెలిసినవారికి ఒకరిమీద ఒకరికి ఈసు పుట్టుట లోకములో వాడుక. పాట పాడువానికి పాట పాడువాడు గిట్టడు. ఇది మన సంఘములలోను చూచుచున్నాము, దాచనేల? యోనాతాను సామాన్యుడు కాడు. ఆయుధములు మోయువానిని ఒక్కనిని వెంటబెట్టుకొని చేతులతోను కాళ్లతోను కొండ ప్రాకి ఫిలిష్తీయుల దండుమీద పడినవాడు (14:13). దేశములో మొదటి వీరుడు. ఇప్పుడు అతనికంటె చిన్నవాడొకడు ఒడిసెలతో వచ్చి ఆ పేరు తీసికొనిపోయెను. స్త్రీలు పాటలో సౌలును తక్కువచేయగా సౌలు ఆ దినమునుండి దావీదును విషపుచూపు చూచెను. తండ్రికి పోయినది పాటలో మాట మాత్రమే. కుమారునికి పోవుచున్నది సింహాసనము. అయినను తండ్రి ఈటె విసరెను, కుమారుడు విల్లు ఇచ్చెను. ఒంటరిగ శత్రువు ఎదుటికి పోవుట ఎంత పనియో తాను చేసినవాడు గనుక, చేసిన మరియొకని వెంటనే గుర్తుపట్టెనని నాకు తోచుచున్నది.

ఉరిగా ఇచ్చిన కానుక

సౌలు కూడ ఇచ్చెను గదా అని అడుగవచ్చును. నిజమే. యుద్ధమునకు ముందు తన కవచమును, శిరస్త్రాణమును తొడిగించెను. దావీదు అవి వాడుకలేనివని తీసివేసెను. తరువాత తన కుమార్తెను ఇచ్చెదననెను. మొదట మేరబును ఇచ్చెదనని చెప్పి మరియొకనికి ఇచ్చెను. పిమ్మట మీకాలును ఇచ్చునప్పుడు అతని మనస్సులో ఏమున్నదో గ్రంథము దాపరికము లేక చెప్పుచున్నది: ఆమె అతనికి ఉరిగా నుండును, ఫిలిష్తీయుల చెయ్యి అతనిమీద పడును (18:21). ఓలి అడుగను, నూరుమంది ఫిలిష్తీయులను చంపి రమ్మనెను. మామ ఇచ్చు కానుక! అల్లుడు చచ్చి రావలెనని ఆశ.

ఉరి యన్న మాట వేటగాని మాట. దావీదు తరువాత అరణ్యములో దాగియున్నప్పుడు సౌలుతో దూరమునుండి అన్న మాటయు వేటమాటయే. కొండలమీద కౌజుపిట్టను తరిమినట్లు రాజు నన్ను తరుముచున్నాడని మొరపెట్టెను (26:20). కౌజు ఎగురుటకంటె పరుగెత్తుటయే ఎక్కువ. తరిమి తరిమి అలసినదానిని పట్టుట మన పిల్లలకును తెలిసిన విద్యయే.

మన దినములలో ఉరులకంటె భయంకరమైనది వచ్చినది. పందులకొరకని చేను చుట్టు కరెంటు తీగ పెట్టువారున్నారు. ఆ తీగకు పంది యెవరో మనిషి యెవరో తెలియదు. తెల్లవారుజామున నీరు పెట్టుటకు పోయిన రైతులు దానిమీద చచ్చుచున్నారు, పులులు చచ్చుచున్నవి. విశ్వాసులలో ఎవరి చేనియందైనను అట్టి తీగ యున్నయెడల ఈ పాఠము ముగించుటకు ముందే పోయి తీసివేయవలెనని ప్రాధేయపడుచున్నాను.

ఉరివంటి కానుక సౌలుతో పోలేదు. వరంగల్లునుండి మానుకోటకు రైలులో పోవునప్పుడు నెక్కొండ స్టేషను వచ్చును. 1902 ఏప్రిల్ మాసములో ఆ నెక్కొండ దగ్గరి అడవిలో గొప్ప వేటడేరాలు వేసిరి. వచ్చిన అతిథి అప్పటి రాజప్రతినిధి లార్డు కర్జను; ఆయన భార్యయు వెంట నుండెను. చచ్చిన పులితో దొర, దొరసాని దిగిన ఛాయాపటము నేటికిని ఉన్నది. నిజాముగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడు దీనదయాళు పేరు ఆ పటములతోనే వినబడుచున్నది.

అప్పటి ప్రభువు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖానుగారు. తామును పులివేటలో గొప్ప పేరు పొందినవారు. చేతికి ఎముక లేనివారని ప్రజలు చెప్పుకొనిన ప్రభువు. ఒక వేటగాడు మరియొక వేటగానిని పిలిచి తన అడవిలోని పులిని విడిచిపెట్టుట చిన్న ఈవి కాదు. కాని దొర హైదరాబాదు రాజ్యమునకు వచ్చినది పులికొరకు మాత్రమే కాదు. పత్తి పండు బేరారు సీమ 1853 సంధినుండి, హైదరాబాదు కంటింజెంటు అను సైన్యపు ఖర్చుల క్రింద, ఇంగ్లీషువారి చేతిలో నుండెను. దానిని తిరిగి సంపాదించుకొనవలెనని మొదటి సాలారుజంగు ఎంతో పాటుపడెను గాని నెరవేరలేదు. నెక్కొండ వేటకు కొలది దినముల ముందే, మార్చి మాసాంతమున, కర్జను నిజాముగారితో బేరారునుగూర్చి మాటలాడెను. ఆ సంవత్సరమే నవంబరులో ఒప్పందము వ్రాయబడెను: ఏటేట 25 లక్షల రూపాయలకు బేరారు శాశ్వతపు కౌలు. 1903లో నిజాముగారికి జి.సి.బి. అను గొప్ప బిరుదు వచ్చెను. ఇంగ్లీషు తెలిసినవారు ఆ మూడక్షరములకు కర్జనుకు బేరారు ఇచ్చినవాడని ఎగతాళి అర్థము చెప్పి నవ్వుకొనిరి.

నిజాముగారిని నిందించుటకు ఇది చెప్పుట లేదు. బలవంతుడు అతిథియై వచ్చినప్పుడు ఇచ్చునదంతయు ఇష్టముతో ఇచ్చునది కాదని చెప్పుటకే. ఇంకొక సంగతియు కలదు. పులివేటలో పులిని తోలుకొని వచ్చుటకు చుట్టుపట్ల పల్లెల మనుష్యులు కావలెను. తప్పెటలు కొట్టుచు, కేకలు వేయుచు పొదలలో నడచువారు వారే, పులి తిరుగబడినయెడల మొదట చచ్చువారు వారే. నైజాము దినములలో అధికారి వచ్చినను దొర వచ్చినను మూటలు మోయుట, మంచము మోయుట, బండి కట్టుట, కోడిని తెచ్చుట వెట్టిగా చేయవలసివచ్చెడిది. మన పెద్దలలో అనేకులు ఆ వెట్టి చేసినవారే. పాలకుర్తి, కడవెండి పల్లెలు దానికి ఎదురు నిలిచిన కథయు, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలిన కథయు జనగామవారికి నేను చెప్పవలసినది కాదు.

పరుల చెమటతో చేసిన మర్యాద ఎట్టిదో నాతాను ప్రవక్త ఒక చిన్న కథలో తేల్చెను. ధనవంతుని యింటికి అతిథి వచ్చెను, తన మందను ముట్టుటకు మనస్సు రాక, దరిద్రుని ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టి వండించెను (2 సమూ. 12:1–4). ఈ కథ విన్నది ఎవరు? యోనాతాను విల్లు అందుకొనిన దావీదే. అంతటి ఈవిని పొందినవాడే ఒక దినమున ఇతరుని గొఱ్ఱెపిల్లను పట్టెను. కానుక పుచ్చుకొనుటతోనే మనిషి మంచివాడు కాడు.

చదివింపుల పుస్తకము

మన పెండ్లిండ్లలో పందిరి మూలను ఒకడు పుస్తకము పట్టుకొని కూర్చుండును. ఎవరు ఎంత చదివించిరో, ఎవరు చీర పెట్టిరో, ఎవరు బిందె ఇచ్చిరో వ్రాయును. తరువాత వారి యింట పెండ్లి వచ్చినప్పుడు పుస్తకము తీసి చూతురు. నూటపదహారు వ్రాయించినవానికి నూటపదహారు, కొంచెము మర్యాదకొరకు పైన ఇంకొంచెము. ఇది చెడ్డదని నేననను. బీదవారికి ఒకసారిగా కావలసిన సొమ్ము ఈ విధముగనే కూడును. కాని దానిని కానుక అనుట పేరుకు మాత్రమే, అది చేబదులు. ఎన్ని కుటుంబములు తిరిగి చదివించలేక బంధువుల పెండ్లికి పోక ఇంట కూర్చుండి యున్నవో, పోయినవారు ఎన్ని చోట్ల వడ్డీకి తెచ్చిరో కాపరులకు తెలియును.

యాకోబు కానుకయు ఇట్టిదే. ఇరువది ఏండ్ల పిమ్మట అన్నను చూడబోవుచు భయముతో మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు మందలు మందలుగ ముందు పంపెను. ఆదికాండము 32:14, 15 వచనములలోని లెక్క కూడిచూడుడి; ఒంటెపిల్లలు గాక 550 తలలు. అది పాత బాకీ చెల్లింపు. ఏశావును మనము చిక్కుడుకాయల కూరకు జ్యేష్ఠత్వమమ్మిన తిండిపోతని పిల్లలకు నేర్పుదుము. ఆ వేటగాడు ఆ దినమున ఏమి చేసెను? నాలుగువందల మందితో వచ్చియు పరుగెత్తి తమ్ముని కౌగిలించుకొనెను. మందలను చూచి నాకు కావలసినంత యున్నది, నీది నీవే ఉంచుకొమ్మనెను. యాకోబు బలవంతపెట్టిన మీదటనే తీసికొనెను. ఆ మందలకు తన కౌగిలిని అమ్మలేదు. కౌగిలి ముందే ఇచ్చివేసెను.

ఇచ్చుటకును స్నేహమునకును గల భేదము మన జిల్లావారే ఒకరు లోకమునకు చెప్పిరి. 1909లో దోర్నకలుకు మిషనెరీగా వచ్చిన వి. ఎస్. అజరయ్యగారు 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో మాటలాడిరి. మిషనెరీలు మాకొరకు ఆస్తిని, శరీరమును సహా ధారపోసిరి, దానికి హిందూదేశ సంఘము కృతజ్ఞత కలిగియుండును. కాని మాకు ప్రేమయు కావలెను, స్నేహితులను ఇయ్యుడని వారు అడిగిరి. ఆ మాట సభలో అందరికి రుచింపలేదు. ఇచ్చు చెయ్యి పైన, పుచ్చుకొను చెయ్యి క్రింద, ఇద్దరును ఒక బల్లయొద్ద కూర్చుండరు. అట్టి ఈవిలో ఏదో కొరత యున్నదని వారి భావము. రెండేండ్లకు, 1912 డిసెంబరులో, ఆయనయే దోర్నకలు మొదటి బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆ అధ్యక్షతలోని బీద స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి దేవునికని కుండలో వేయు వాడుక పాతకాలపువారికి తెలియును. ఆ పిడికెడు బియ్యము ఏ చదివింపుల పుస్తకములోను ఎక్కదు.

యోనాతాను తన బిరుదు చూపి ఇయ్యలేదు, తన్ను తాను దావీదు ప్రక్కన నిలుపుకొని ఇచ్చెను. ఇచ్చిన పిమ్మట చూచువానికి ఎవడు రాకుమారుడో ఎవడు కాపరియో తెలియరాదు.

ఒకరు నన్ను ప్రశ్నించవచ్చును: 20వ అధ్యాయములో యోనాతాను దావీదును ప్రమాణము అడుగలేదా? నా సంతతివారియెడల దయ చూపుమని కోరలేదా? అడిగెను. ఎప్పుడు అడిగెనో చూడుడి. విల్లు ఇచ్చిన దినమున కాదు. అడుగునాటికి యోనాతాను రాజు బల్లయొద్ద భోజనము చేయువాడు. దావీదు రొట్టెముక్కకు గతిలేక పారిపోవువాడు. అప్పు వసూలు చేయువాడు బాకీదారుని చేతిలో పైస లేనప్పుడు ఇట్లు అడుగడు. దేవుడు ఆ మనిషిని ఏమి చేయబోవుచున్నాడో నమ్మినవాడు మాత్రమే అడుగును.

మరియొక సంగతి నాకు ఎప్పుడును ఆశ్చర్యము. విల్లు ఇచ్చివేసిన యోనాతాను చేతిలో 20వ అధ్యాయమున మరల విల్లున్నది. ఎక్కడిదో గ్రంథము పట్టించుకొనలేదు. పొలములోనికి పోయి బాణము పనివాని తలమీదుగా దూరము పోవునట్లు వేసి, బాణము నీకు అవతల నున్నదని కేక వేసెను. పనివానికి అది గురిచూచు ఆట. రాతి వెనుక దాగినవానికి అది పారిపొమ్మను మాట. మొదటి విల్లు స్నేహితుని చేతికి, రెండవ విల్లు స్నేహితుని ప్రాణమునకు. పిమ్మట ఒక్కసారి జీఫు అరణ్యమున వనములో దావీదును వెదకికొని పోయి దేవునియందు అతనిని బలపరచెను (23:16). ఆ తరువాత వారిరువురు కలిసికొనినట్లు వ్రాయబడలేదు.

సామానునొద్ద నున్నవాని పాలు

విల్లు పుచ్చుకొనినవాడు ఏమి నేర్చుకొనెను? సిక్లగు కాలిపోయిన పిమ్మట దావీదు ఆరువందల మందితో అమాలేకీయులను తరిమెను. బెసోరు వాగు దగ్గర రెండువందల మంది అలసి నిలిచిపోయిరి. సామాను వారికి అప్పగించి నాలుగువందల మంది ముందుకు పోయి గెలిచివచ్చిరి. మాతో రానివారికి వారి పెండ్లాము పిల్లలు చాలును, దోపుడు సొమ్ములో పాలు లేదని కొందరు దుర్మార్గులు తగువు పెట్టిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవాని పాలు ఎంతయో సామానునొద్ద నిలిచినవాని పాలు అంతయే అని కట్టడ చేసెను.

ఇట్టి ధర్మమే మన అడవిపల్లెలలోను ఉండెను. కోయ సహోదరుల పల్లెలలో విత్తనముల పండుగకు మగవారందరు విల్లంబులతో అడవికి పోవు ఆచారము కలదు. మృగము పడినప్పుడు బాణము వేసినవానికి ప్రత్యేకముగ ఒక భాగము, మిగిలినది తోలినవారికి, వెంట నడచినవారికి, ఊరికి పాళ్లు. ఒక్కడే కొట్టి ఒక్కడే తినువానికి మరునాడు పొదలు కొట్టువాడు దొరకడు. దావీదు కట్టడ ఆ లెక్కను దాటి మరియొక అడుగు ముందుకు పోయెను: అలసి కూలబడినవానికిని సమభాగమే.

మన దేశపు వేటకథలలో దీనికి సరిపోలినది ఒకటి కలదు. కుమావూ కొండలలో చంపావత్ పులి 436 మందిని చంపెనని లెక్క. 1907లో జిమ్ కార్బెట్టు దానిని చంపెను. దానిని వెదుకబోవుటకు ముందు ప్రభుత్వము ప్రకటించిన బహుమానములను రద్దుచేయుమని ఆయనయే అడిగెను. డబ్బుకొరకు వేటాడువాడని తన్ను ఎవరును అనకూడదు. చంపావత్ తహశీలుదారు పల్లెలవారిని 298 మందిని కూడగట్టి తోలించెను. గాయపడిన పులి ఎదుట కార్బెట్టు తూటాలు అయిపోయినవి. అప్పుడు పరుగెత్తి తహశీలుదారు చేతిలోని పాత తుపాకి తీసికొని చివరి దెబ్బ వేసెను. గొట్టమునకును వెనుకభాగమునకును నడుమ సందు కనబడు తుపాకి అది! కొన్ని నెలల పిమ్మట సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు హ్యూవెట్టు నైనితాలులో దర్బారు చేసి తహశీలుదారుకు ఒక తుపాకిని, కార్బెట్టుకు తోడుగ వెంట నడచిన పల్లెటూరివానికి చక్కని వేటకత్తిని బహూకరించెను. కార్బెట్టుకు రిగ్బీ రైఫిలు ఒకటి ఇచ్చెను. దానితో ఆయన ఎన్నో ఏండ్లు వేటాడెను. పులిని చంపినవాడు కార్బెట్టే. అయినను అరువు తుపాకి ఇచ్చినవానిని, వెంట నడచినవానిని ఆ దర్బారులో మరువలేదు.

మన సంఘములలో ప్రసంగించినవానికి దండ పడును, చాపలు పరచినవాడు కనబడడు. క్రిస్మసు కూడికలో లెక్కలు చదువునప్పుడు సంఘపెద్దలు బెసోరు వాగును తలంచుకొనవలెను.

కుంటివాడు ఇచ్చినది

యోనాతాను గిల్బోవమీద చనిపోయిన దినమున అతని కుమారుడు మెఫీబోషెతుకు అయిదేండ్లు. వార్త విని దాది ఎత్తుకొని పరుగెత్తగా పిల్లవాడు పడి రెండు కాళ్లును కుంటివాయెను (2 సమూ. 4:4). లోదెబారులో మాకీరు ఇంట తలదాచుకొని పెరిగెను. రాజు పిలిచెననగా గడగడ వణకియుండును; పాత రాజు సంతతివారిని క్రొత్త రాజు పిలుచుట ఎందుకో ఆ కాలమున అందరికి తెలిసినదే. దావీదు భయపడకుమనెను. నీ తండ్రి యోనాతాను నిమిత్తము నీకు ఉపకారము చూపుదుననెను. సౌలు భూములన్నియు మరల ఇచ్చెను, దున్నుటకు సీబాను, వాని పదునైదుగురు కుమారులను, ఇరువదిమంది దాసులను నియమించెను, రాకుమారులలో నొకనివలె తన బల్లయొద్ద భోజనము పెట్టెను. యోనాతాను అడిగిన ఆ మాట అతని కుమారునికి దక్కెను.

కథ అక్కడ నిలిచిన బాగుండును, నిలువలేదు. అబ్షాలోము తిరుగబడగా దావీదు పారిపోవుచున్నప్పుడు సీబా గాడిదలను, రొట్టెలను, ఎండుద్రాక్షలను తెచ్చి యిచ్చి, తన యజమానునిమీద కొండెము చెప్పెను. దావీదు విచారింపక మెఫీబోషెతుకు కలిగినదంతయు సీబాకు ఇచ్చితిననెను. ఆ ఎండుద్రాక్షలు మంచి వేటగాని ఎర.

రాజు తిరిగి యెరూషలేమునకు వచ్చినప్పుడు మెఫీబోషెతు ఎదురుగ వచ్చెను. రాజు పోయిన దినమునుండి అతడు కాళ్లు కడుగుకొనలేదు, గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉతికించుకొనలేదు. నేను కుంటివాడను, గాడిదకు గంత కట్టుమంటిని, నా దాసుడు నన్ను మోసపుచ్చెనని చెప్పెను. దావీదుకు ఏమి తోచలేదు కాబోలు; ఇచ్చిన మాట పూర్తిగా త్రిప్పుకొనుటకును మనస్సు రాలేదు. నీవును సీబాయు భూమిని సగము సగము పంచుకొనుడనెను. ఇది దావీదు తీర్పులలో గొప్పది కాదని నా అభిప్రాయము.

యోనాతాను కుమారుడు తగవు పెట్టలేదు. నా యేలినవాడు క్షేమముగ ఇంటికి వచ్చెను గనుక సగము కాదు, అంతయు సీబాయే తీసికొనవచ్చుననెను (19:30). ఆ భూమి చివరకు ఎవరి పాలాయెనో గ్రంథము చెప్పలేదు.